లేచే రీలు లేని సినిమా

ఆ రోజుల్లో మా సంఘంలో సినిమా చూడటం పాపం. తాగుడు, పేకాట, జాతరకి వెళ్ళడం, ఈ మూడింటి పక్కన సినిమాని కూడా కూర్చోబెట్టి మా పాస్టరయ్య నెలకోసారి గట్టిగా తలంటేవారు. అయితే ఏడాదిలో ఒక్క సాయంత్రం మాత్రం ఆ పాపమే పుణ్యం అయిపోయేది. అది గుడ్ ఫ్రైడే సాయంత్రం. చోడవరం పొలిమేరలో, చెరకు కొట్టేసిన మడిలో డేరా వేసుకున్న టూరింగ్ టాకీసుకి ఆ రోజు ఏసుప్రభువు సినిమా వచ్చేది. మధ్యాహ్నమంతా గుడిలో ఆరాధన, కడుపులో పస్తు. అది అవగానే తెల్లబట్టలతోనే అందరం డేరాకి బయల్దేరేవాళ్ళం. బుచ్చయ్యపేట నుంచి, రావికమతం నుంచి ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చేవారు. డేరా గుమ్మం దగ్గర చెప్పులు విప్పేసి, ఇసకలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపలేసుకుని కూర్చుంటే, పాస్టరయ్య తెరకి ముందు నిలబడి ప్రార్థన చేసేవారు. (మిగతా రోజుల్లో అదే తెర మీద ఏమేం ఆడేదో ఆయనకి తెలియదని మేమూ, మాకు తెలియదని ఆయనా అనుకునేవాళ్ళం.)

అది పాతకాలం మూగ సినిమా. దానికి నోరు నేను. అప్పటికి మిషన్ స్కూల్లో కొత్తగా చేరిన మేస్టర్ని. గొంతు పెద్దది, దాని వెనకాల ఉన్న సరుకు చిన్నది. తెర పక్కన స్టూలేసి మైకు చేతికిస్తే చాలు, ప్రభువుకి శిక్ష వేసి చేతులు కడుక్కున్న పిలాతు మాటలు బొంగురుగా, మరియమ్మ మాటలు సన్నగా, గాడిద వస్తే గాడిదకి కూడా ఒక కూత పెట్టి, సినిమా మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పేసేవాణ్ణి. నేను ఏ మాటన్నా మాటకి ముందు ఒకటి, వెనక ఒకటి 'ఆమెన్' అనే ఒక ముసలమ్మ ఉండేది. ఆమెన్ మామ్మ అనేవాళ్ళం. సిలువ కనబడగానే మామ్మే ముందు లేచేది, ఆవిడ వెనక అందరూ లేచి కీర్తన ఎత్తుకునేవారు. ఆఖరి రీల్లో సమాధి రాయి దొర్లి ప్రభువు లేచి వస్తుంటే, ఆ చప్పట్లకి డేరా గుంజలు ఊగేవి. అందరూ కన్నీళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ, ఆకలి గుర్తొచ్చి ఇళ్ళకి పరిగెత్తేవారు.

నేను చెప్పబోయే ఏడాది మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వు లేదు. కారణం మా అక్క. అంతకు ముందు ఏడాది మా బావకి మశూచి వచ్చింది. బావ సంఘం పెద్దగారి కొడుకు. సంఘమంతా ఆయన కోసం ప్రార్థన చేసింది, కానీ వీధిలో నిలబడి చేసింది. ప్రార్థన చేసినవాళ్ళలో ఒక్కరూ గుమ్మం దాటలేదు. (వాళ్ళని అనడానికి లేదు, నేనూ దాటలేదు.) లోపల ఉన్నది అక్క ఒక్కతే. ఒకరోజు తెల్లారగట్ల బావకి నీళ్ళు కూడా దిగడం మానేశాయి. అక్క తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టతోనే, ముఖానికి పసుపు రాసుకుని, పెరట్లో కోడిపుంజుని చంకన పెట్టుకుని అమ్మవారి గుడికి నడిచి వెళ్ళింది. కోడినిచ్చి, వేపమండ తెచ్చి బావ పక్కలో పెట్టింది. దారిలో ఊరంతా చూసింది. బావ బతికాడు. ఒక కన్ను పోయింది, మనిషి దక్కాడు.

దక్కిన మనిషి లేచి తిరగడం మొదలుపెట్టాక సంఘం పెద్దలు కూర్చున్నారు. విగ్రహానికి బలి ఇచ్చింది కాబట్టి అక్కని ప్రభువు బల్ల నుంచి తీసేశారు. అంటే నెల నెలా ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఇక ఆమెకి లేవు. అందరూ ఒక్కొక్కరే లేచి బల్ల దగ్గరికి వెళ్తుంటే ఆమె గుమ్మం పక్కనున్న ఆఖరి చాప మీద కూర్చుని ఉండాలి. సంఘం ముందు నిలబడి 'నేను చేసింది పాపం, క్షమించండి' అంటే మళ్ళీ చేర్చుకుంటారు. అక్క అనలేదు. బావ ఏమన్నాడంటే, "నేనెల్లమన్నానా?" అన్నాడు. అంతే అన్నాడు. అని, నెల నెలా బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె తీసుకుని వచ్చి కూర్చునేవాడు. ఇలా ఏడాది గడిచాక వాళ్ళ నాన్నగారు మాట తేల్చేశారు. ఈస్టరు ఆదివారం ఆఖరి రోజు. ఆ రోజు కూడా ఒప్పుకోకపోతే పుట్టింటికి పంపించేస్తాం అన్నారు. పంపడమంటే మళ్ళీ పిలవడం ఉండదని అందరికీ తెలుసు.

గుడ్ ఫ్రైడే పొద్దున్నే వెళ్ళి అక్కని బతిమాలాను.

"ఒక్క ముక్కే కదే అక్కా. సెప్పేస్తే పోలేదేటి?"

"ఏటని సెప్పమంటావురా? మీ బావ బతకడం తప్పని సెప్పమంటావా?"

"అలాగని ఎవులన్నారు? ఆ కోడిని కొయ్యడం తప్పని సెప్పు."

"అదే తప్పయితే ఆ కోడికి సెప్పుకుంటాను. దాని పేణం పోనాది పాపం. సంఘానికి ఏటి పోనాదిరా?"

మైకు లేకపోతే నేను చాలా తక్కువ మాటల మనిషిని.

మధ్యాహ్నం ఆరాధన అయ్యి గుడి మెట్లు దిగుతుంటే డేరా యజమాని, టెంటు నాయుడు అనేవాళ్ళం, చెట్టు చాటునుంచి సైగ చేశాడు. ముఖంలో రంగు లేదు. "మేస్టారూ, ఒక సిన్న ఇది అయిపోనాది. మన పాత సినిమా పెట్టె ఇశాపట్నంలో ఇంకోడు అట్టుకుపోయాడంట. బదులు ఏరేది బస్సుకి పంపేడు." ఏం సినిమా అనడిగితే చంకలోంచి పోస్టరు తీసి విప్పాడు. తెల్లటి ముఖంతో ఒక దొరసాని, మూసి ఉన్న చర్చి తలుపు ముందు మోకాళ్ళ మీద ఉంది. తలుపు పైన సిలువ. కింద ఏదో దేశపు అక్షరాలు, ఇంగ్లీషు కాదు. "సిలవుంది, మోకాళ్ళున్నాయి, ఏడుపుంది. ఇంకేటి కావాల మీ ఓళ్ళకి? మీరు సెప్పుకుపోండి మేస్టారూ, సెప్పేది మీరే కదా" అన్నాడు. బళ్ళు అప్పటికే వచ్చేస్తున్నాయి. పిల్లా పాపలతో, పస్తులతో కోసుల దూరం వచ్చినవాళ్ళని వెనక్కి పొమ్మనే ధైర్యం నాయుడికీ లేదు, నాకూ లేదు. పాస్టరయ్యకి చెప్పే ధైర్యం అసలే లేదు.

చీకటి పడింది. పక్క మడిలో బెల్లం వండుతున్న వాసన ఖాళీ కడుపుల మీదుగా తేలిపోతోంది. పాస్టరయ్య ఎప్పటికన్నా పొడుగ్గా ప్రార్థన చేసి, ముందు బెంచీ మీద పెద్దల మధ్య కూర్చున్నారు. ఆ పెద్దల పక్కన బావ. ఆడవాళ్ళ వైపు, అందరికన్నా వెనక, డేరా గుంజ దగ్గర అక్క. ఈ సినిమాకి సొంత మాటలున్నాయి, కానీ ఎవరికీ తెలియని భాష కాబట్టి నాయుడు గొంతు తగ్గించేసి నా మైకు పెంచాడు. తెర అడుగున మాత్రం ఇంగ్లీషు అక్షరాలు చీమల బారులా పరిగెత్తుతున్నాయి. ఆ డేరాలో వాటిని కూడబలుక్కోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. (పాస్టరయ్యకి ఇంగ్లీషు వచ్చు గానీ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారు. దేవుడున్నాడు అని అప్పుడే అనుకున్నాను.)

మొదటి బొమ్మ ఒక మగాడు చెక్క చిత్రిక పడుతున్నాడు. వడ్రంగి! నా ప్రాణం లేచొచ్చింది. "అదిగో ఏసయ్య తండ్రి యోసేపు!" అన్నాను. "ఆమెన్" అంది మామ్మ. పక్కనే భార్య, మరియమ్మ. యోసేపు కొత్తగా చేసిన కుర్చీలో మరియమ్మని కూర్చోబెట్టి మురిసిపోతున్నాడు. బయట మంచు కురుస్తోంది. మా వాళ్ళెవరూ మంచు పడగా చూసినవాళ్ళు కాదు. "ఆకాశం నుంచి దేవుడు పంపిన ఆహారం, మన్నా, కురుస్తోంది" అన్నాను. డేరా అంతా 'ఆహా' అంది. ఇంతలో టోపీలు పెట్టుకున్న సైనికులు తుపాకులతో వచ్చి యోసేపుని లాక్కుపోయారు. మగవాళ్ళలోంచి ఎవరో, "మేస్టారూ, రోమా ఓళ్ళకి తుపాకీలేటండి?" అన్నారు. "రోమా వాళ్ళు మనకంటే అన్నిట్లోనూ ముందుండేవారు" అన్నాను. సైనికుల పెద్ద ఒకడు గదిలో తెల్లటి పళ్ళెంలో చేతులు కడుక్కుంటున్నాడు. నేను నోరు తెరిచే లోపలే జనం "పిలాతు! పిలాతు!" అని అరిచారు. పాస్టరయ్య కూడా తలూపారు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, ఇది నిజంగా ఏసు సినిమాయేనేమోనని.

అక్కడి నుంచి కథ నా చెయ్యి దాటిపోవడం మొదలైంది. మరియమ్మ నీళ్ళు కాచుకుంది. తొట్టిలో దిగింది. భుజాల దాకా కనబడుతోంది. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పాస్టరయ్య సగం లేచారు. మాది నీళ్ళలో ముంచి ఇచ్చే బాప్తిస్మం. ఆ సంగతి ఏ దేవదూత గుర్తు చేశాడో గానీ, "బాప్తిస్మం తీసుకుంటోంది!" అని అరిచాను. పాస్టరయ్య కూర్చున్నారు. "ఇచ్చే అయ్యగారేరీ?" అంది ఆమెన్ మామ్మ. "తెరకి అవతల ఉన్నారు" అన్నాను. ఎందుకైనా మంచిదని, "ఈవిడ మరియమ్మ కాదు, ఇందాక పొరపాటయింది, పాపాలు కడుక్కున్న మగ్దలేనే మరియ" అని కూడా కలిపాను.

స్నానమయ్యాక ఆవిడ పెళ్ళినాటి గౌను తొడుక్కుని, మంచులో ఒంటరిగా నడుచుకుంటూ పిలాతు ఇంటికి వెళ్ళింది. వాడు తలుపు తీశాడు. ఆమె భుజం మీది కోటు తీసి కొక్కేనికి తగిలించాడు. వెనక మంచం కనబడుతోంది. తరవాత తెర నిండా ఆమె ముఖం ఒక్కటే, ఎంతసేపటికీ మారదు. కింద అక్షరాల్లో, 'ఆయన్ని ఎప్పుడు వదిలిపెడతారు?' అని ఉంది. ఇంకేమీ లేదు. నాకు అబద్ధం దొరకలేదు. బైబిలంతా వెతికినా ఆ ముఖానికి అతికే పేరు దొరకలేదు. మైకులోంచి బుస తప్ప మాట రావడం లేదు. వెనకనుంచి నాయుడు, "సెప్పండి మేస్టారూ, సెప్పండి" అని గుసగుసలాడుతున్నాడు.

అప్పుడు డేరా చివరి నుంచి ఒక గొంతు వచ్చింది. ఏడాదిగా సంఘంలో నోరెత్తని గొంతు.

"ఆగిపోనావేటిరా? ఆ అమ్మ మొగుడి పేణం కోసమెల్లింది. ఉన్నది ఉన్నట్టు సెప్పు."

అక్కకి ఇంగ్లీషు కాదు కదా, తెలుగు అక్షరాలు కూడా అంతంత మాత్రమే. పాస్టరయ్య ఈసారి పూర్తిగా లేచి నిలబడి, "ఇది ఆపివేయండి" అన్నారు. ఆపేసేవారేమో. కానీ ఆమెన్ మామ్మ, "కూకోండి బాబూ, మీ తలకాయ అడ్డొస్తంది" అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. పాస్టరయ్య ఏమనుకున్నారో, కూర్చుండిపోయారు. అక్కడి నుంచి నేను కింద అక్షరాలే తెలుగులో చెప్పాను. మరియలు లేరు, పిలాతు లేడు. ఒక ఊరు, ఒక యుద్ధం, ఒక మొగుడూ పెళ్ళాం. అంతే.

ఆ సైనికుల పెద్ద మాట నిలబెట్టుకున్నాడు. వడ్రంగిని వదిలేశారు. యుద్ధం అయిపోయింది, శత్రువులు వెళ్ళిపోయారు. అప్పుడు ఆ ఊరివాళ్ళకి పౌరుషం వచ్చింది. ఆమెని చర్చి ముందుకి ఈడ్చుకొచ్చి, వడ్రంగి చేసిన ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, తల గొరిగించారు. జనంలో ఆమె మొగుడు కూడా ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, నేలకేసి చూస్తున్నాడు. ఒక్క మాట అనడు. జుట్టు పాయలు పాయలుగా మంచులో పడుతోంది. ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కుతున్నారు. నేను ముందు బెంచీ కేసి చూశాను. తెర వెలుగు బావ ముఖం మీద పడుతోంది. బావ తలొంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. తెర మీదవాడూ తలెత్తలేదు, ఇక్కడివాడూ ఎత్తలేదు.

ఆఖరికి ఆమె వెళ్ళి చర్చి తలుపు తట్టింది. తలుపు తీయలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. గుండు మీద మంచు పడుతూ ఉంది. ఈసారి దాన్ని మన్నా అని ఎవరూ అనుకోలేదు. తెర తెల్లబడిపోయింది.

ఎవరూ లేవలేదు. అందరూ అలాగే తెరకేసి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆమెన్ మామ్మ, "మరి లెగడమేదీ?" అంది. "లేచే రీలు ఎయ్యండి నాయుడు బాబూ." ఆ మాట పట్టుకుని నలుగురూ అన్నారు, తరవాత డేరా అంతా అంది. ఏడాదికోసారి చూసే సినిమా, ఆఖర్న లేవడం చూడకుండా ఇంటికెలా పోతారు? "అయిపోనాదమ్మా, ఇంక నేదు" అని నాయుడు చేతులు జోడించాడు. "నేకపోడమేటి? ఎతుకు. పెట్టెలో అడుగునుంటాది" అంది మామ్మ. పాపం నాయుడు నిజంగానే పెట్టె తీసుకొచ్చి, బోర్లించి చూపించాడు. ఖాళీ పెట్టె చూసి మామ్మ గట్టిగా ఏడ్చింది. 'ఆమెన్' అనలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. లోపల పూలు, కొత్త బట్టలు, లేచాడు లేచాడని కీర్తనలు. బల్లకి ముందు పాస్టరయ్య అక్కని పిలిచారు. ఆయన గొంతు కూడా ఆ రోజు ఎందుకో మెత్తగా ఉంది. "అమ్మా, సంఘం నీ కొరకు కనిపెట్టుకొని ఉన్నది. ఒక్క మాట చెప్పుము." సినిమా చూశాక అయినా బావ లేస్తాడని నేను బావ కేసే చూస్తున్నాను. వదిలెయ్యండి, నా కోసమే కదా వెళ్ళింది అంటాడని. ఆమెన్ మామ్మ కూడా మెడ తిప్పి అటే చూస్తోంది. బావ చేతులు చూసుకుంటున్నాడు.

అక్క లేచి నిలబడింది. "పాస్టరయ్యా, ముందు మన దేముణ్ణే అడిగేను. ఆయన పలికీదాకా ఆగడానికి నాకు ఓపిక నేకపోనాది. ఆ ఓపిక నేకపోడం తప్పే. ఒప్పుకుంటన్నాను. కానీ రేపు ఈ మడిసికి మళ్ళీ జొరమొస్తే మళ్ళీ ఎల్తాను. ఇది కూడా ఇప్పుడే సెప్పేస్తే మంచిది కదా, మళ్ళీ మళ్ళీ మిమ్మల్ని కూకోబెట్టడం దేనికి?"

అది క్షమాపణ కిందికి వస్తుందా రాదా అని పెద్దలు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. రాదన్నారు. ఆ సాయంత్రమే బండి కట్టారు. ఒక రేకు పెట్టె, ఒక చాప. బండి వెనక నేను నడుచుకుంటూ వచ్చాను. దారిలో డేరా గుంజలు పీకుతున్న నాయుడు మమ్మల్ని చూసి తలపాగా తీసేసి పక్కకి తప్పుకున్నాడు. అక్క ఏడవలేదు. నేను ఏడ్చాను. "నువ్వెందుకురా ఏడుస్తావు? నీ గాడిద కూత ఈ ఏడు ఇనలేదు, అదొక్కటే నాకు ఎలితి" అంది.

బావ వస్తాడని ఏడాది చూశాం. రెండో ఏడు చూడటం మానేశాం. ఆ తరవాతెప్పుడో ఒక మధ్యాహ్నం, అక్క అరుగు మీద బియ్యం చెరుగుతుంటే, వాకిట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కండువా తీసి చేతిలో పట్టుకుని, నేలకేసి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తలుపు వెయ్యడానికి లేచాను. అక్క చేట కింద పెట్టి, "వాకిట్లో నిలబడిపోనారేటి? తలుపు తీసే ఉంది కదా" అంది.

"గుమ్మం కనపడ్డం నేదే" అన్నాడు బావ.

మిగిలిన కన్ను కూడా మసకేసింది. వాళ్ళ నాన్నగారు పోయారు. ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు లేరు. క్షమించమని అనలేదు, అక్క అడగలేదు. లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించింది. అంతే. ఎందుకు రానిచ్చావని నేను రాత్రి అన్నాల దగ్గర గట్టిగానే అన్నాను. "మైకు నేనప్పుడు నువ్వు ఎక్కువ మాటాడకు" అంది.

ఆ తరవాత పాతికేళ్ళు పైనే, నెల నెలా, మా గుడిలో ఒక దృశ్యం నడిచింది. ప్రభువు బల్ల రోజున అక్క బావ చెయ్యి పట్టుకుని ఆఖరి చాప దగ్గర్నుంచి బల్ల దాకా నడిపించుకొచ్చేది. ఆయన మోకరించి రొట్టె తీసుకునేంతసేపూ ఆయన కర్ర పట్టుకుని పక్కన నిలబడేది. ఆమెకి ఇవ్వరు, ఆమె అడగదు. మళ్ళీ నడిపించుకుంటూ వెనక్కి తీసుకెళ్ళేది. తరవాత వచ్చిన కుర్ర పాస్టరు ఒకాయన ఒకసారి ఉండబట్టలేక రొట్టె ఆమె వైపు కూడా చాపాడు. "ముందు ఆ మాట ఏదో సెప్పాలంట కదా బాబూ, నాకు ఇంకా నోరు తిరగలేదు" అని నవ్వి వచ్చేసింది. ఈస్టరు రోజున మాత్రం గుడి మెట్లు దిగుతూ తప్పకుండా నన్ను అడిగేది: "ఒరే, ఆ సినిమాలో లేచే రీలు దొరికిందేటిరా?" ఇంకా వెతుకుతన్నానే అనేవాణ్ణి.

బావ పోయాడు, ఆ తరవాత అక్కా పోయింది. ఇప్పుడు మా గుడి పక్కా కట్టడం. గుడ్ ఫ్రైడేకి కుర్రాళ్ళు గోడ మీదే సినిమా వేస్తారు. దానికి తెలుగు మాటలు అదే చెప్పుకుంటుంది, నా గొంతు అవసరం లేదు, అదృష్టం కొద్దీ గొంతూ లేదు. పెద్దాయనని కదా అని ముందు కుర్చీలో కూర్చోబెడతారు. ఆఖర్న రాయి దొర్లగానే అందరూ చప్పట్లు కొడుతూ లేస్తారు. నేనూ కర్ర పట్టుకుని లేస్తాను గానీ, నా తల తెర వైపు ఉండదు, గుమ్మం పక్కన ఆఖరి వరస కేసి తిరుగుతుంది. అప్పుడు స్టూలు మీద నిలబడి చెమటలు కక్కుతున్న ఆ కుర్ర మేస్టరు గుర్తొస్తాడు. వాడు ఆ సాయంత్రం మైకులో ఎన్ని అబద్ధాలాడాడో! మంచు మన్నా కాదు, వడ్రంగి యోసేపు కాదు. కానీ మొగుడి ప్రాణం కోసం వెళ్ళబోయే ఆడదాని స్నానాన్ని చూసి బాప్తిస్మం అన్నాడు చూడండి, ఆ ఒక్క మాట మాత్రం మరీ అంత అబద్ధం కాదేమోననిపించి, ముసలివాణ్ణి, ఒక్కణ్ణే నవ్వుకుంటాను.